శేషాచలంలో ఎర్రచందనం: మోళ్లు మిగిలిన వాలులో మొక్కలు నాటాలా, పిలకల్ని కాపాడుకోవాలా?

కోడూరు_కొండగాలి
శేషాచలం బయోస్ఫియర్‌లో కడప వైపు వాలు ఒకటి, సుమారు 40 హెక్టార్లు. చేవ పట్టిన ఎర్రచందనం చెట్లు చాలామటుకు దొంగల గొడ్డళ్లకు పోయాయి. మిగిలినవి మణికట్టు మందం కర్రలు, మోకాలెత్తు మోళ్లు, వాటి మధ్య నడుమెత్తు బోద గడ్డి. కింద విత్తనం పడి మొలిచిన మొక్క వెతికినా కనబడదు. నాటుకోవడానికి అటవీశాఖ ఒప్పుకుంది. మా ప్రకృతి సంఘం తరఫున 5,000 మొక్కలు అడిగి పెట్టాం. అదే వాలులో ఇంతకు ముందు ఒక విడత నాటినవి రెండో వేసవి దాటలేదు. ఈసారి గుంత పెంచాలా, పెద్ద మొక్క తేవాలా, నెల మార్చాలా? ఈ చెట్టు మన తూర్పు కనుమల దక్షిణ కొసలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా లేదు. ఇక్కడ పోతే పోయినట్టే.

మోడు_పిలక
గుంత సంగతి తర్వాత చూద్దాం. మోళ్లు ఉన్నాయన్నారు కదా, వాటిలో ఎన్నింటికి పచ్చ పిలకలున్నాయో లెక్కపెట్టారా? ఎర్రచందనం మోడు నుంచి బాగా చిగురిస్తుంది, వేరు మీంచి కూడా పిలక లేస్తుంది. ఆ మోడు కింద ఏళ్ల తరబడి రాతి పగుళ్లలోకి దిగిన వేరు ఉంది. నర్సరీ సంచిలో పెంచిన మొక్కకు అంత లోతు అందాలంటే ఎన్ని వేసవులు దాటాలి?

చేసే తీరు ఇది. దొంగలు నిలబడి నరుకుతారు, అందుకే మోడు ఎత్తుగా, పైన చీలికలు చీలికలుగా ఉంటుంది. పిలకలన్నీ ఆ చీలిక అంచునే పుడతాయి. బరువెక్కాక గాలికి మొదట్లోనే ఊడి పడతాయి. చీలికలోంచి నీళ్లు దిగి మోడు కుళ్లుతుంది కూడా. ఆకు రాలి ఉన్న రోజుల్లో, ఫిబ్రవరి–మార్చిలో, పదునైన చేతిరంపంతో నేలకు 10 సెంటీమీటర్ల ఎత్తున మళ్లీ కోయాలి. కోత ఏటవాలుగా ఉండాలి, నీరు నిలవకూడదు. గొడ్డలి వద్దు, బెరడు చెక్క నుంచి లేచిపోతుంది. పిలక పుట్టేది ఆ బెరడు కిందే.

వానలకు గుత్తిగా పిలకలు లేస్తాయి. మొదటి ఏడు ముట్టుకోవద్దు, ఆ ఆకంతా వేరును బతికిస్తుంది. రెండో ఏడు వానలకు ముందు, నేలను ఆనుకుని పుట్టిన గట్టివి రెండు ఉంచి మిగతావి మొదటికంటా తీసేయాలి. నేలను ఆనుకున్నవాటికి సొంత వేళ్లు పడతాయి. మూడో నాలుగో ఏట ఒక్కటి చాలు.

బీట్_బాట
పై పోస్టుకు ఒకటి కలపాలి. మోడు అంటే కేసులో సాక్ష్యం. చుట్టుకొలత, ఎత్తు, జీపీఎస్, ఫొటో పీఓఆర్‌లో (అటవీ నేరం మీద సిబ్బంది రాసే తొలి రిపోర్టులో) ఎక్కాకే రంపం పెట్టాలి. కోసిన ముక్కలో చేవ ఉంటుంది. అది చెంబెడంత ముక్కైనా అటవీ ఉత్పత్తే. సిబ్బంది తూచి, రాసుకుని డిపోకి పంపాలి, అక్కడే వదిలేస్తే ఇంకొకడికి ఆశ పుడుతుంది. సంఘం వాళ్లు రంపాలు పట్టుకుని ఒంటరిగా అడవిలోకి వెళ్లొద్దు.

ఇంకోటి. ఆ వాలు నేషనల్ పార్కులోనో అభయారణ్యంలోనో పడితే మామూలు అనుమతి సరిపోదు. వన్యప్రాణి చట్టంలో 29, 35(6) సెక్షన్లు చెట్టుచేమకూ వర్తిస్తాయి. విత్తనం ఏరడానికి కూడా కాగితం కావాలి.

కోడూరు_కొండగాలి
@బీట్_బాట రిజర్వ్ ఫారెస్టే, అభయారణ్యం హద్దు బయట. రేంజర్ గారితో మాట్లాడి మోళ్ల లెక్క మొదలుపెట్టిస్తాం. @మోడు_పిలక బతికిన మోడు, చచ్చిన మోడు తేడా ఎలా కనిపెట్టాలి? చాలావాటికి పిలకే లేదు.

మోడు_పిలక
నేల దగ్గర, మట్టి కాస్త పక్కకు తోసి, కత్తి మొనతో బెరడు మీద గోరంత గీత పెట్టండి. లోపలి పొర తడిగా ఉండి ఎర్రటి రసం చుక్కగా ఊరితే వేరు బతికే ఉంది. ఎండి పొడిలా రాలితే వదిలేయండి. పైన గీకి చూసి లాభం లేదు, పైభాగం ఎండినా కింద బతికి ఉంటుంది. పిలక లేదనుకున్న చోట మేకలు కొరికేసిన మొటికలు కూడా ఉంటాయి, వంగి చూస్తే తెలుస్తుంది.

విత్తనాల_డబ్బా
పిలకలు కాపాడటం మంచిదే. కానీ అక్కడితో ఆగితే అడవి ముందుకు పోదు. పిలకంటే అదే చెట్టు మళ్లీ లేవడం, కొత్త చెట్టు కాదు. ఎర్రచందనానికి పక్క చెట్టు పుప్పొడి కావాలి. సొంత పుప్పొడితో కట్టిన కాయలు చాలావరకు నిలవవు. పుప్పొడి మోసేవి తేనెటీగలు: పెద్ద కొండ తేనెటీగ, తొర్రలో కట్టేది, కొమ్మకు కట్టే చిన్నది. పెద్ద చెట్లు నరికేశాక పూసే చెట్లు ఎక్కడో ఒకటి, ఎక్కడో ఒకటి. ఏప్రిల్–మేలో చెట్టంతా పసుపుగా పూస్తుంది, కాయ చూస్తే పలచన. కాయ విప్పితే లోపల గింజ ఉండదు.

కాబట్టి పిలకలతో పాటు విత్తన మొక్కలూ కావాలి. అయితే ఆ 5,000 మొక్కల విత్తనం ఎక్కడిది? అది తెలియకుండా ఒక్కటి కూడా రిజర్వ్‌లోకి తేవద్దు.

రాజంపేట_గట్టు
విత్తనం ఎక్కడిదైతే ఏంది, అన్నీ ఎర్రచందనమే కదా.

విత్తనాల_డబ్బా
@రాజంపేట_గట్టు పొలానికైతే ఏదైనా పర్లేదన్నా. అడవికి వేరు. నర్సరీవాళ్లు చేతికందే నాలుగైదు చెట్ల నుంచి కాయలు కోసి వేలకొద్దీ మొక్కలు పెంచితే అవన్నీ అన్నదమ్ములు. 40 హెక్టార్లు వాటితో నింపితే రేపు పూసినా ఒకదానితో ఒకటి సరిగ్గా కాయ కట్టవు, కట్టినా బలహీనం. అడవి విత్తనానికి నా లెక్క: కనీసం 30 తల్లి చెట్లు, ఒక్కోదానికి మధ్య 50 నుంచి 100 మీటర్ల ఎడం, అదే కొండ వరుసలోవి, ప్రతి చెట్టు నుంచి సమానంగా కాయలు. చెట్టు మీద మూడో వంతుకు మించి కోయొద్దు, మిగతాది అడవిది. గట్టున వేసిన చెట్టు నుంచి, రోడ్డు పక్క ప్లాంటేషన్ నుంచి ఏరొద్దు.

వాలులో సన్న చెట్లే మిగిలాయంటున్నారు. పక్క కంపార్ట్‌మెంట్లలో (శాఖ అడవిని విడగొట్టిన భాగాల్లో), సిబ్బంది కాపలా గట్టిగా ఉన్న బేస్ క్యాంపుల చుట్టూ, పాత చెట్లు ఉంటాయి. వాటికి నంబరు వేయించండి. ఆ నంబర్లు, జీపీఎస్ పాయింట్లు మాత్రం ఏ గ్రూపులోనూ పెట్టకండి.

బీట్_బాట
చివరి వాక్యం అందరూ రెండుసార్లు చదవండి. తల్లి చెట్టు ఫొటో కూడా లొకేషన్ ఆపేసి తీయాలి.

నర్సరీ_అక్క
కాయ పండేది మరుసటి ఫిబ్రవరి–మార్చిలో, పూసిన దగ్గర్నుంచి దాదాపు 11 నెలలు. గుండ్రటి కాయ, చుట్టూ రెక్క, మధ్యలో ఉబ్బు. గోధుమ రంగు తిరిగి, ఊపితే గలగలమంటే కోతకు వచ్చినట్టు. నేల మీద రాలినవి ఏరొద్దు, పురుగు పట్టి ఉంటాయి.

మూట కట్టే ముందే 100 కాయలు కత్తిరించి చూడండి. తెల్లటి నిండు గింజ ఎన్నింటిలో ఉందో అదే మీ మొలక లెక్కకు ఆధారం. సగం ఖాళీ అయితే విత్తనం రెట్టింపు వేసుకోవాలి.

రెక్క కత్తిరించి, కాయల్ని చల్లటి నీళ్లలో 72 గంటలు నానబెట్టాలి, రోజుకొకసారి నీళ్లు మార్చాలి. కొందరు పేడ నీళ్లలో నానేస్తారు, అదీ పనిచేస్తుంది. మడిలో ఇసుక, ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు కలిపి, కాయను అంగుళం లోపు పూడ్చి, పైన గడ్డి కప్పాలి. 10–15 రోజులకు మొలక కనిపించగానే గడ్డి తీసేయాలి, లేకుంటే మెడ వంగిపోతుంది. రెండు నాలుగు ఆకుల దశలో 15×25 సెంటీమీటర్ల సంచిలోకి. అంతకన్నా చిన్న సంచి వద్దు. తల్లివేరు సంచి అడుగు తగిలి చుట్ట చుట్టుకుంటుంది. అలాంటి మొక్క నాటితే మొదటి ఏడు బాగుంటుంది, రెండో వేసవిలో నిలువునా ఎండుతుంది. ఈ ప్రశ్న అడిగినవాళ్ల మొక్కలు పోయింది కూడా రెండో వేసవిలోనే. చచ్చిన మొక్క ఒకటి రెండు పెకలించి వేరు చూడండి.

నీళ్లు ఎక్కువ పోయడం ఇంకో జబ్బు. ఇది రాతి నేల చెట్టు, కాళ్ల కింద నీరు నిలిస్తే వేరు కుళ్లు వస్తుంది. ఆఖరి రెండు నెలలు నీళ్లు తగ్గించి, నీడ వల తీసేసి, ఎండకు అలవాటు చేసి పంపాలి. పచ్చగా నిగనిగలాడే మొక్క చూసి మురిసిపోకండి. కాండం మొదలు పెన్సిల్ మందం ఉందా లేదా అది చూడండి.

గడ్డిపోచ
అక్కా, ఈ పోస్టు అచ్చేసి ప్రతి నర్సరీ గేటుకు అంటించాలి.

డాలస్_తిరుపతి
దూరం నుంచి ఒక ప్రశ్న. విత్తన బంతులు చేసి డ్రోన్‌తో చల్లితే ఇంత శ్రమ ఉండదు కదా? మేం కొందరం డబ్బు పోగు చేసి ఇవ్వగలం.

విత్తనాల_డబ్బా
@డాలస్_తిరుపతి మనసు మంచిది, దారి మాత్రం ఇది కాదు. ఎర్రచందనం మొలవడానికి రెండు వారాల తడి కావాలి. జూలైలో ఒక వాన పడి మొలక వచ్చేసరికి ఆగస్టులో మూడు వారాలు ఎండ. బంతి వాలులో దొర్లి ఏ రాతి సందులోనో ఆగుతుంది. బోద గడ్డిలో పడిన దానికి వెలుతురు అందదు, ఇది నీడ ఓర్వని మొక్క. మిగిలిన కాస్తా ఎలుకలకు పోతుంది. కష్టపడి ఏరిన 30 తల్లి చెట్ల విత్తనం గాల్లో చల్లేయడానికి చేతులు రావు. ఆ డబ్బు నాలుగు నెలలు ఇద్దరు ఫైర్ వాచర్ల జీతానికి పంపండి.

డాలస్_తిరుపతి
సరే, వాచర్లకే. ఎవరి ద్వారా అన్నది కొండగాలి గారు చెప్పాలి.

కోడూరు_కొండగాలి
ఊళ్లో వన సంరక్షణ సమితి ఉంది. దాని ఖాతా ద్వారా, శాఖకు చెప్పి చేద్దాం. ఇంతకూ నర్సరీకి ఫోన్ చేశాను. ఆ 5,000 మొక్కలు రైతుల ప్లాంటేషన్ల కోసం పెంచినవట, విత్తనం ఒకే ప్లాంటేషన్‌ది.

విత్తనాల_డబ్బా
అయితే వాటిని రైతులకే పోనివ్వండి. పొలాల్లో పెరిగిన చెక్క చట్టబద్ధంగా బజారుకు వస్తే అడవి మీద ఒత్తిడి కొంత తగ్గుతుంది. రిజర్వ్ మొక్కలకు వచ్చే ఫిబ్రవరిలో కొత్తగా కాయలు కోసి మొదలుపెట్టండి.

రాజంపేట_గట్టు
అంటే ఒక ఏడు వృథా.

మోడు_పిలక
@రాజంపేట_గట్టు వృథా ఎందుకవుతుంది? ఈ ఏడు మోళ్ల పని, ఫైర్ లైన్ల (మంట దాటకుండా గడ్డి తీసేసే పట్టీల) పని చేస్తారు. ఆ రెండూ లేకుండా నాటితేనే వృథా.

వెలిగొండ_వాన
ఫైర్ లైన్ గురించి ఇంకా ఎవరూ వివరంగా రాయలేదు, నా దృష్టిలో మొక్కలు పోవడానికి మొదటి కారణం మంటే. బోద గడ్డి జనవరికల్లా ఎండుతుంది. ఫిబ్రవరి మధ్య నుంచి జూన్ దాకా ఎప్పుడైనా అంటుకోవచ్చు. ఆ మంట చెట్టెత్తు లేవదు, పెద్ద చెట్టు మందపాటి పలకల బెరడుతో తట్టుకుంటుంది. మీటరు లోపు మొక్క మాత్రం నేలదాకా కాలిపోతుంది. వేరు బతికి ఉంటే వానకు మళ్లీ చిగురిస్తుంది, మళ్లీ వేసవికి కాలుతుంది. జానెడు మొక్క కనబడితే ఈ ఏటిదే అనుకోకండి. మొదట్లో మట్టి తీసి చూడండి, బొటనవేలంత లావు గడ్డ ఉంటే అది చాలా ఏళ్లుగా కాలుతూ బతుకుతున్న మొక్క. విత్తన మొక్కలే లేవన్నారు, గడ్డి లోపల ఇలాంటివి ఉండే అవకాశం చాలా ఉంది. నాలుగేళ్లు మంట ఆపితే అవే తలెత్తి గడ్డిని దాటేస్తాయి.

చేయాల్సింది: వాలు చుట్టూ 5 మీటర్ల వెడల్పు లైను, లోపల 10 హెక్టార్లకొక అడ్డ లైను 3 మీటర్లది. డిసెంబరులో గడ్డి కోసి లైను మధ్యకు లాగి ఎండబెట్టాలి. జనవరిలో, పొద్దున మంచు ఆరకముందు, సిబ్బంది సమక్షంలో కాల్చాలి. లైను మీద రాలిన ఆకు మార్చిలో మరోసారి ఊడవాలి. చాలామంది అది వదిలేస్తారు, మంట ఆ ఆకు మీదుగానే దాటుతుంది. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహ హెచ్చరికలు ఫోన్‌కు వస్తాయి, వాచర్ల నంబర్లు రిజిస్టర్ చేయించండి. ఉపగ్రహం తిరిగి వచ్చేదాకా మంట కనబడదు కాబట్టి ఎత్తు గుట్ట మీద మనిషి కూడా ఉండాల్సిందే.

గడ్డిపోచ
బోద గడ్డిని శత్రువులా చూడొద్దని మనవి. కొండ మీద మట్టిని పట్టి ఉంచేది అదే. లైన్లలోనూ, మొక్క చుట్టూ మీటరులోనూ కోయండి, మొత్తం చెక్కేయొద్దు. గడ్డి కోసుకెళ్లడానికి ఊరివాళ్లకు శాఖ అనుమతి ఇస్తే మంటకు మేత తగ్గుతుంది, వాళ్లకు ఇంటి కప్పుకు వస్తుంది.

వెలిగొండ_వాన
@గడ్డిపోచ ఒప్పుకుంటున్నా. కోత మాత్రం డిసెంబరు–జనవరిలోనే, గింజ రాలాక.

నాటే నెల కూడా చెప్తాను. జూన్–జూలై తొలకరికి నాటమని అన్ని పుస్తకాల్లో ఉంటుంది. వెలిగొండల తూర్పు వాలుకు, నెల్లూరు వైపుకు అది పనికిరాదు. అక్కడ అసలు వాన అక్టోబరు–నవంబరు ఈశాన్య రుతుపవనానిది. సెప్టెంబరు ఆఖరున గుంత తడిశాక నాటితే డిసెంబరు దాకా తడి దొరుకుతుంది.

మోడు_పిలక
నెల్లూరు వైపు సరే. కొండగాలి గారిది కడప వైపు వాలు. అక్కడ నైరుతి వాన కూడా లెక్కలోకి వస్తుంది. అక్టోబరులో నాటితే వేసవికి ముందు వేరు దిగడానికి మూడు నెలలే. ఆగస్టు రెండో సగం నయం. ఆగస్టు ఎండ విరామం దాటాక, గుంతలో మోచేతి లోతు దాకా తడి ఉన్నప్పుడే నాటాలి.

వెలిగొండ_వాన
తడి చూసి నాటమన్నారు, దానికి నేను అడ్డు చెప్పను. తేదీ పెట్టి, బ్యానర్ కట్టి, అతిథిని పిలిచి నాటే పద్ధతి మాత్రం వద్దు.

నర్సరీ_అక్క
గుంత 45 సెంటీమీటర్లు అన్ని వైపులా. బండ తగిలితే 30 చాలు, పగులు ఉన్న చోట చూసి తవ్వండి, వేరు ఆ పగులు పట్టుకుని దిగుతుంది. ఏప్రిల్‌లో తవ్వి ఎండనివ్వాలి. గుంతకు కింది వైపు అర్ధచంద్రాకారంలో జానెడు ఎత్తు రాతికట్ట, పైనుంచి జారే నీరు ఆగడానికి. సంచి అడుగు నుంచి అంగుళం మేర బ్లేడుతో కోసేసి, పక్కలు చీల్చి, మట్టి ముద్ద చెదరకుండా దించాలి. నాటాక మొక్క చుట్టూ అరచేతి మందం చదును రాళ్లు పరచండి. గడ్డి కప్పితే చెదలు వస్తాయి, మంటా వస్తుంది. రాళ్ల కింద తడి నిలుస్తుంది. పల్లంలో, నీరు నిలిచే చోట అసలు నాటొద్దు.

మేకలకు, కణుజులకు ఈ ఆకు ఇష్టం. కంప కట్టాలి. కంపను మొక్కకు ఆనించి కట్టొద్దు, మీటరు ఎడంగా వలయంలా. మంట వస్తే కంపే మొక్కను కాల్చేస్తుంది.

తలకోన_తంబ
చర్చంతా ఎర్రచందనం చుట్టే తిరుగుతోంది. దానికి విలువ ఉంది, దొంగల్ని పట్టడానికి టాస్క్‌ఫోర్స్ ఉంది. 1995 నుంచి సైటిస్ (అరుదైన జీవుల వ్యాపారం మీద దేశాల ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. జాతులకు ముప్పు ఎంతో లెక్కకట్టే ఐయూసీఎన్ వాళ్లు 2018లో కాస్త పర్వాలేదనే వర్గంలోకి దించి, 2021లో మళ్లీ అంతరించే ప్రమాదమున్న వాటిలో చేర్చారు. ఇవే కొండల్లో తంబ జాలారి అనే గుగ్గిలం చెట్టు ఉంది, నేరేడు జాతి మొగి ఉంది, తెల్ల కరక, కొండ సాంబ్రాణి చెట్లు ఉన్నాయి. ఇవీ ఈ చుట్టుపక్కల తప్ప లేవు. వీటి గురించి అడిగేవాళ్లు తక్కువ. మీ వాలులో ఇవి ఉన్నాయేమో కూడా చూడండి.

తంబ జాలారికి మోడు, సంచి లెక్కలు కుదరవు. గుగ్గిలం కోసం బెరడు చుట్టూ గాట్లు పెడతారు. గాటు మీద గాటు పడితే లోపల కుళ్లి, చెట్టు గాలికి విరుగుతుంది. విత్తనం ఇంకా కష్టం. వేసవి ఆఖరు గాలులకు రెక్కల కాయలు రాలుతాయి. అది ఎండితే చస్తుంది, డబ్బాలో దాచేది కాదు. రాలిన రోజే ఏరి, రెక్కలు తుంచి, తడి కొబ్బరి పొట్టులో పెట్టి, రెండు మూడు రోజుల్లో నర్సరీ చేర్చాలి. ఇసుక మడిలో పైపైన, నీడలో. లోతుగా పూడిస్తే కుళ్లుతుంది. సంచి మట్టిలో తల్లి చెట్టు కింది మట్టి పిడికెడు కలపండి. దాని వేళ్లతో కలిసి బతికే శిలీంధ్రం అందులోనే ఉంటుంది, అది లేకపోతే మొక్క పసుపు రంగుకు తిరిగి ఆగిపోతుంది.

విత్తనాల_డబ్బా
@తలకోన_తంబ ఇది చాలా అవసరమైన పోస్టు. మొగి కూడా అంతే, పండు గుజ్జు కడిగిన వెంటనే వేయాలి, ఎండబెట్టకూడదు. పండ్లు బుట్టల్లో అమ్మకానికి పోతాయి కాబట్టి అడవిలో గింజ మిగలదు. ఏరేవాళ్లతో మాట్లాడి కొన్ని చెట్లు వదిలేయమనాలి.

కోడూరు_కొండగాలి
వాలు పైభాగంలో గుగ్గిలం గాట్లున్న చెట్లు కొన్ని ఉన్నాయి, తంబే కావచ్చు. ఆకు, బెరడు ఫొటోలు తెప్పిస్తాను. కింది భాగంలో లాంటానా కంప దట్టంగా ఉంది. ఎర్రచందనం కర్రలు అందులో మునిగిపోయాయి.

గడ్డిపోచ
లాంటానాను పైన నరికితే రెట్టింపు వస్తుంది. కాండం, వేరు కలిసే చోటు నేలకు రెండు మూడు అంగుళాల కింద ఉంటుంది. గునపంతో అక్కడ తెగ్గొట్టి, పొదను తలకిందులు చేసి, వేరు పైకి ఉండేలా మరో పొద మీద ఆరేయాలి. నేలను తాకితే మళ్లీ పాతుకుంటుంది. కాయ నల్లబడకముందే చేయాలి. తీసిన చోట ఆ వానాకాలమే స్థానిక గడ్డి విత్తనం చల్లండి, ఖాళీ నేల వదిలితే లాంటానానే ముందు లేస్తుంది. తర్వాత మూడేళ్లు పెద్ద చెట్ల కింద చూసి రండి, పిట్టల రెట్టలోంచి మొలిచేవి అక్కడే ఉంటాయి. చిన్నప్పుడు చేత్తో లాగితే వచ్చేస్తాయి.

ఎర్రచందనం కర్రల చుట్టూ మాత్రం ఒక్కసారిగా తీయకండి. నీడలో సన్నగా సాగిన కర్ర ఒక్కసారి ఎండ, గాలి తగిలితే వంగిపోతుంది. ఈ ఏడు సగం, వచ్చే ఏడు సగం.

కోడూరు_కొండగాలి
మా సంఘంలో అందరికీ ఇది చదివి వినిపించాను. మొక్కలు రైతులకు మళ్లిస్తున్నాం. ఈ డిసెంబరుకు ఫైర్ లైన్లు, ఫిబ్రవరిలో మోళ్లు, కాయల కోత. నమూనా లెక్కకు పుస్తకం గీస్తున్నాం, ఏ కాలమ్‌లు పెట్టాలి?

బీట్_బాట
40 హెక్టార్లలో 10×10 మీటర్ల ప్లాట్లు 40, మూలలకు రాళ్లు పాతి. ప్లాటు నంబరు, ఎత్తు, వాలు దిక్కు. అందులో జాతి పేరు, నేలకు 1.37 మీటర్ల ఎత్తున చుట్టుకొలత, అంతకంటే పొట్టివాటికి ఎత్తు, మొదట్లో మందం. విత్తన మొక్కా, మోడు పిలకా, వేరు పిలకా. కాలిన గుర్తు, కొరికిన గుర్తు. మోడు ఉంటే బతికిందా, చచ్చిందా.

వెలిగొండ_వాన
లెక్క తీసేది మే ఆఖరులో. నవంబరులో తీస్తే ప్రతి చిగురూ బతికిన మొక్కే అవుతుంది, కాగితం మీద 90 శాతం వస్తుంది, వేసవికి సగం ఉండదు.

నర్సరీ_అక్క
ఇంకో కాలమ్: తల్లి చెట్టు నంబరు. సంచికి అల్యూమినియం బిళ్ల కట్టి పంపుతాం, నాటేటప్పుడు ఆ నంబరు పుస్తకంలోకి ఎక్కించండి. ఏ తల్లి పిల్లలు తట్టుకుంటున్నాయో నాలుగేళ్లకు తెలుస్తుంది, తర్వాతి కోత వాటి నుంచి కాస్త ఎక్కువ తీసుకోవచ్చు.

విత్తనాల_డబ్బా
@నర్సరీ_అక్క నంబరు తప్పకుండా పెట్టండి, కోత మాత్రం సమానంగానే ఉంచండి. నాలుగేళ్లలో తట్టుకున్నదే నలభై ఏళ్ల కరువుకూ తట్టుకుంటుందని చెప్పలేం.